మంచం పక్కన ఆరిన కాయ

మబ్బు పట్టిందంటే ఆ వీధి మిరప రైతులు ఆకాశం వంక చూడరు, ఖాజాబీ గడప వంక చూస్తారు. యాభయ్యో ఏట ముట్టు ఆగిన దగ్గర్నుంచీ ఆమెకి ఒళ్లంతా ఆవిర్లు. ఆ సెగకి చుట్టూ పోసిన తడి కాయ పూటలో గలగలలాడుతుంది. ఆడవాళ్లు బుట్టలు తెచ్చి ఆమె చుట్టూ గుమ్మరించి పోతారు. ఉచితం కదా మరి.

"మీ ఆయన పడక ఇంకా కల్లంలోనే అంటగా?" అంది రాజరాజేశ్వరి బుట్ట దింపుతూ. "పోనీలే వదినా, ఈ వయసులో మనకి అవన్నీ ఎందుకు?"

"నీకు వద్దంటే మానుకో. నా సంగతి నువ్వు తేల్చకు."

ఊరందర్నీ కడిగేసే ఆ నోరు మొగుడి దగ్గర మాత్రం పెగల్లేదు. అతను దగ్గరికొస్తే లోపల కోసినట్టు నొప్పి. తోసేసింది, ఎందుకో చెప్పలేదు. తనంటే ఏవగింపు పుట్టిందనుకుని, కాయకి కాపలా అనే వంకతో మాబు సాహెబ్ నులకమంచం కల్లానికి మోసుకుపోయాడు. ఇక తిరిగి రాడేమోనని ఆమె దిగులు.

ఒక మబ్బు మధ్యాహ్నం మాబు సాహెబ్ కల్లంలో కునుకు తీసి లేచి, అలవాటుగా ఒక కాయ చెవి దగ్గర ఊపి చూశాడు. గింజ గలగలమంది. కల్లమంతా మెత్తగానే ఉంది. మంచం పక్కన, ఒక మనిషి కూర్చునేంత మేర మాత్రం కాయ కరకరలాడుతోంది. ఆ కాయంతా తువ్వాల్లో మూటగట్టుకుని ఇంటికెళ్లాడు.

"వచ్చి లేపకుండా పోయావేమే?"

"లేపి ఏం చెప్పమంటావయ్యా?"

"నేనంటే అసహ్యమనుకున్నా."

"అసహ్యమైతే వచ్చి పక్కన కూర్చుంటానా, బుర్రలేని మనిషీ! నొప్పి. కావాలనే ఉంటుంది, భయమేస్తుంది."

మర్నాడు గుంటూరులో డాక్టర్ అలేఖ్య తీరిగ్గా విని చెప్పింది. "హార్మోన్లు తగ్గి లోపల పొడిబారిందండి. నొప్పికి భయం తోడైతే ఒళ్లు ముందే బిగుసుకుంటుంది. మందుంది. కొన్ని వారాలు పడుతుంది. మీరిద్దరూ మాట్లాడుకోండి, తొందరపడకండి."

"అయితే నా పని అయిపోలేదన్నమాట," అని ఖాజాబీ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"మరి ఈ సెగ కూడా తగ్గిపోద్దా డాక్టరమ్మా? వీధిలో కాయ..." అన్న మొగుణ్ని గిచ్చింది.

కొన్ని వారాలకి మళ్లీ మబ్బు పట్టిన రోజు రాజరాజేశ్వరి బుట్ట తెచ్చింది. సాయంత్రానికి కాయ పోసింది పోసినట్టే మెత్తగా ఉంది.

"ఇదేంటి వదినా, ఆరలేదు?"

"టార్పాలిన్ పట్టా కొనుక్కో," అంటూ ఖాజాబీ లోపలికెళ్లింది. అక్కడ మాబు సాహెబ్ కల్లం నుంచి తెచ్చిన మంచానికి కాలు తన్నిపెట్టి నులక బిగిస్తున్నాడు.