పుండు మానే తిండి

గుండయ్య కంచాన్ని పక్కకు నెట్టేశాడు. చెయ్యి మంచం పట్టెకు తగిలి మీల్ మేకర్ ముక్కలు రెండు దుప్పటి మీద పడ్డాయి.

"ఇగ నాతోని కాదు బిడ్డా," అన్నాడు. "నములుతాంటే తడిగుడ్డ నమిలినట్టున్నది."

కోడలు మహిత దుప్పటి మీది ముక్కలు ఏరి కంచంలో వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళడానికి ఆ ఇంట్లో ఒక్కటే దారి. ముందుగదిలో సగం మగ్గం, మిగిలిన సగంలో మామ మంచం. రెండింటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. కంచం చేతిలో ఉంటే దాన్ని తలమీదికి ఎత్తి పట్టుకోవాలి.

కొత్తవాడలో ఆ మగ్గం మీద గుండయ్య బతుకంతా జంపఖానాలు నేశాడు. వానాకాలం మొదట్లో బోరింగు దగ్గర పాచి మీద కాలు జారి తుంటి విరిగింది. ఆపరేషన్ అయితే బాగానే అయింది కానీ, కదలకుండా పడుకున్నందుకు నడుము కింద పుండు పడింది. దవాఖానలో డాక్టరమ్మ అతని కొడుకు రమేశ్‌నూ మహితనూ పక్కకు పిలిచి చెప్పింది. "మందులు నేను రాస్తాను. కానీ ఆ గుంట పూడాలంటే కండ రావాలి. కండ రావాలంటే ప్రోటీన్ తినాలి. మాంసం తింటారా?"

"తినడు మేడం," అన్నాడు రమేశ్.

"పోనీ, గుడ్డు?"

మంచం మీది గుండయ్యకు ఆ మాట వినిపించింది. మెడలోని తులసిమాలను చేత్తో పట్టుకున్నాడు. భార్య సరోజన చనిపోయిన ఏడాది భజన మండలివాళ్ళతో పండరిపురం వెళ్ళి వేసుకున్న మాల అది. అప్పటినుంచి ఆ ఇంట్లోకి గుడ్డు రాలేదు. రమేశ్‌కు తినాలనిపిస్తే బయటే తిని వచ్చేవాడు.

దాంతో పొద్దున మొలకెత్తిన పెసర్లు, మధ్యాహ్నం మీల్ మేకర్, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి గట్టిపప్పు. మళ్ళీ పొద్దున పెసర్లు. మొదట్లో గుండయ్య మందులాగా మింగాడు. తర్వాత సగం వదిలేశాడు. ఇప్పుడు కంచం చూస్తేనే మొహం తిప్పుకుంటున్నాడు.

మహిత మడికొండలో ఒక ఆఫీసులో ఫోన్లలో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం చేసేది. మామకు ఆపరేషన్ అనగానే సెలవు పెట్టింది. ఆ సెలవును ఇంకోసారి పొడిగించింది, మరోసారి కూడా. తర్వాత అటునుంచి ఫోన్ రావడం ఆగిపోయింది. రమేశ్ హనుమకొండలో బైకుల షోరూంలో పనిచేస్తాడు. పొద్దున వెళితే చీకటిపడ్డాకే రాక. పగలంతా ఆ రెండు గదుల్లో ఆమె, మంచం, మగ్గం.

ఒక పొద్దున కట్టు మార్చడానికి శ్రీకాంత్ వచ్చాడు. దవాఖాన తరఫున ఇళ్ళకు తిరిగి కట్లు కట్టే కుర్రాడు. పాత కట్టు విప్పగానే అతని మొహం మారింది. రమేశ్ కూడా వంగి చూశాడు. గుంట ముందుకంటే లోతుగా ఉంది.

"తిండి మంచిగ తింటాండా అన్నా?" అన్నాడు శ్రీకాంత్ మెల్లగా. "గిట్లనే ఉంటే మళ్ళ ఆపరేషన్ అంటరు."

మర్నాడు రమేశ్ తన బ్యాగులోంచి కాగితంలో చుట్టిన గుడ్లు తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టాడు. వంటింటి తలుపు దగ్గరికి వేశాడు.

"పెసరట్టు పిండిల తెల్లసొన కలుపు. అల్లం, పచ్చిమిరపకాయలు జర ఎక్కువ దంచి వేస్తే వాసన తెల్వదు."

"మామకు తెలిస్తే?"

"ఎట్ల తెలుస్తది? నువ్వు చెప్తేనే కదా." రమేశ్ గొంతు తగ్గింది. "పుండు సూసినవ్ గదా మహితా. మా అమ్మ కండ్లముందటనే పోయింది. ఇప్పుడు బాపు. మాల ముఖ్యమా, మనిషి ముఖ్యమా? నువ్వే చెప్పు."

ఆమె అతని కళ్ళలో నీళ్ళు చూసి సరేనంది.

అతను వెళ్ళాక పిండి రుబ్బింది. గుడ్డు పగలగొట్టి, పచ్చసొన వేరుచేసి, తెల్లసొనను పిండిలో కలిపింది. అట్టు నిజంగానే మెత్తగా, మంచి రంగుతో వచ్చింది. కంచం ఎత్తి పట్టుకుని పక్కకు తిరిగి మంచం దగ్గరికి నడిచింది.

"ఇయ్యాల అట్టు వోసినవా?" గుండయ్య తల కొద్దిగా ఎత్తాడు. "మంచి వాసనొస్తాంది."

ఎన్నో రోజుల తర్వాత తనంతట తాను చెయ్యి చాపాడు. ముక్క తుంచాడు. తినేముందు ఎప్పటిలాగే ఎడమచేత్తో మాలను కళ్ళకద్దుకున్నాడు. ముక్క నోటిదాకా వెళ్ళింది.

"మామా, తినకుండ్రి."

చెయ్యి ఆగింది.

"అండ్ల గుడ్డు గలిసింది."

గుండయ్య ముక్కను నెమ్మదిగా కంచంలో పెట్టాడు. వేళ్ళు దుప్పటికి తుడుచుకున్నాడు.

"నిన్న గూడనా?"

"లేదు మామా. ఇయ్యాలనే."

ఎవరు కలపమన్నారని అడగలేదు. కాలు కదిలినంతమేర గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

చీకటిపడ్డాక రమేశ్ వస్తూనే వంటింట్లోకి వచ్చాడు. "తిన్నడా?"

తినలేదంటే ఎందుకని అడుగుతాడు. చెబితే తండ్రీ కొడుకుల మధ్య మాట పోతుంది. "తిన్నడు," అంది. రమేశ్ ఊపిరి వదిలి ఆమె భుజం తట్టాడు. ఆ తట్టిన చోట చాలాసేపు బరువుగా అనిపించింది.

మర్నాడు కూడా గుండయ్య నోరు తెరవలేదు. పప్పు తెచ్చినా, పెరుగు తెచ్చినా తల అడ్డంగా ఊపాడు. మధ్యాహ్నం మూడోసారి కంచం వెనక్కి తీసుకుపోతుంటే మహిత మోచెయ్యి మగ్గానికి కొట్టుకుంది. నొప్పికి కంచం మగ్గం మీదే పెట్టేసి అక్కడే నిలబడిపోయింది.

"నేనేం చెయ్యాల్నో చెప్పుండ్రి మామా," అంది. "మీరు మంచం మీద వడ్డరు, కదలరాదు. నేను కాళ్ళున్నా కదలరాదు. ఆఫీసు వాయె. గడప దాటి బయటికి పోయి ఎన్ని రోజులైందో. నిజం చెప్పిన గదా. అబద్ధమాడితే తింటుంటిరి, నిజం చెప్పినందుకు పస్తున్నరు. పుండు మానకుంటే ఆయన నన్నే అంటడు."

గుండయ్య తల ఆమెవైపు తిప్పాడు.

"వానికి చెప్పలేదా నాకు తెలిసిందని?"

"లేదు. చెప్తే మీరిద్దరు మాట్లాడుకోరు. నడుమల నేను."

"సరే. నేను గూడ చెప్ప," అన్నాడు. "కని ఇగ నుంచి నా కండ్లముందట వండు."

కట్టు మార్చడానికి వచ్చిన శ్రీకాంత్, పక్కింటి బక్కమ్మ కలిసి మంచాన్ని అటునుంచి ఇటు తిప్పారు. ఇప్పుడు గుండయ్యకు పడుకున్న చోటినుంచే వంటింటి పొయ్యి కనిపిస్తుంది. కానీ మంచం తిరగడంతో ఉన్న సందు కూడా పోయింది. వాకిట్లోకి పోవాలంటే మహిత మగ్గం చట్రం కింద నుంచి వంగి వెళ్ళాలి.

అంతకంటే కష్టమైంది ఇంకొకటుంది. ఆ ఇంట్లో ఎవరి కళ్ళూ పడకుండా ఆమె నిలబడే చోటు వంటిల్లొక్కటే. ఇప్పుడు అక్కడా చూపు వెంటాడింది. ఉప్పు డబ్బా తీస్తే చూపు, మూత తీస్తే చూపు. ఏడుపొస్తే పోపుల డబ్బా వెతుకుతున్నట్టు అలమరవైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

మొదటిరోజు శనగలు ఉడుకుతుంటే అతను అక్కడినుంచే అడిగాడు. "ఎప్పటికి గివేనా? బబ్బెర్లు దొరుకుతలేవా?"

"దొరుకుతయి. తింటరా?"

"గుడాలు జెయ్. ఉల్లిగడ్డ సన్నగ తరిగి, ఎండుమిరపకాయ తాలింపు వెయ్యి."

అలసందల గుగ్గిళ్ళలాంటి ఆ బబ్బెర గుడాలు గిన్నెడు తిన్నాడు. మహిత నమ్మలేక గిన్నెలోకి వంగి చూసింది. ఆ మర్నాడు అనుములు తెప్పించి పుల్లటి పుంటికూర ఆకుతో వండింది. మీల్ మేకర్‌ను ఉడికించి, గట్టిగా పిండి, మిక్సీలో వేసి, ఉల్లిగడ్డ, కొత్తిమీరతో వేయించి జొన్నరొట్టెలో మడిచి ఇచ్చింది. సగం రొట్టె తిన్నాక "గిదేంది?" అన్నాడు. చెబితే నవ్వాడు. ఆపరేషన్ తర్వాత అతను నవ్వడం అదే మొదలు. సర్వపిండిలో బియ్యప్పిండి తగ్గించి శనగపిండి, పల్లీలు, నువ్వులు పెంచింది. పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీసి, ఆ గట్టి ముద్దలో దోసకాయ తురుము కలిపింది. పనీర్ మాత్రం ఎలా చేసినా అతనికి నచ్చలేదు. "సబ్బుముక్క" అన్నాడు.

అన్నీ కుదరలేదు. ఉలవలు సరిగా ఉడకక కడుపు ఉబ్బి, రెండు రోజులు మజ్జిగ తప్ప మరేమీ తాగలేకపోయాడు. మంచం మీదే అన్నీ చేయించాలి కాబట్టి ఆ రెండు రోజులు మహితకు నడుము వాల్చే వీలు లేకపోయింది. తన తెలివితక్కువతనం వల్లనే మామ ఇలా అయ్యాడని, పుండుకు ఏమైనా అయితే తనదే తప్పని కుమిలిపోయింది.

"గుడ్డు మాత్రం బందు వెట్టకు," అన్నాడు రమేశ్. "అదొక్కటే పనిచేస్తది."

గుడ్లు వస్తూనే ఉన్నాయి. వాటిని కొంగు కింద దాచి బక్కమ్మకు ఇచ్చేది. బక్కమ్మ మనవళ్ళకు అట్లు పోసి, పెంకులు కవరులో వేసి గోడ మీదినుంచి తిరిగి ఇచ్చేది. రమేశ్ చెత్తబుట్టలో పెంకులు చూస్తాడని ఇద్దరికీ తెలుసు.

"నాకే నవ్వొస్తాంది పిల్లా," అంది బక్కమ్మ ఒకరోజు. "నీకెట్లున్నదో."

మహితకు నవ్వు రాలేదు. శ్రీకాంత్ కట్టు విప్పిన ప్రతిసారీ పుండును చూసే ధైర్యం లేక అతని మొహం చూసేది. ఆ మొహంలో చాలాకాలం ఏమీ తెలియలేదు. ఒక్కోసారి, గుడ్డు కలిపేస్తే ఈ భయం ఉండేది కాదు కదా అనిపించేది. ఒకరోజు పిండి ముందు గుడ్డు పట్టుకుని నిలబడింది కూడా. గుండయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడో, నమ్మి మూసుకున్నాడో తెలియలేదు. గుడ్డు మళ్ళీ డ్రమ్ము వెనక పెట్టేసింది.

చలి మొదలయ్యాక ముగ్గురూ ఆటోలో దవాఖానకు వెళ్ళారు. గుండయ్య వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతున్నాడు. డాక్టరమ్మ కట్టు విప్పి, చేతితో చుట్టూ నొక్కి చూసింది.

"గుంట పూడింది. పైన కొత్త చర్మం వస్తోంది," అంది. "బాగా చూసుకున్నారే! ఏం పెట్టారు?"

మహిత నోరు తెరిచేలోపే రమేశ్ ముందుకు వచ్చాడు. "గుడ్డు మేడం. రోజూ తెల్లసొన..." అని తండ్రివైపు చూసి నాలిక్కరుచుకున్నాడు. "అంటే... బాపుకు తెల్వకుండ. తప్పలేదు."

"నేను గుడ్డు తినలేదు," అన్నాడు గుండయ్య. బల్ల మీద బోర్లా పడుకునే ఉండి, తల మాత్రం పక్కకు తిప్పి. "మొదటిరోజే ఈ పిల్ల నాకు చెప్పింది. బబ్బెర్లు తిన్న, అనుములు తిన్న, సర్వపిండి తిన్న. ఆఖరికి మెత్తగ ఉడకవెడితే ఉలవలు గూడ అరిగినయి. గుడ్డు మాత్రం తినలేదు."

"వెరీ గుడ్. అవే కొనసాగించండి," అంది డాక్టరమ్మ, రాస్తూ.

రమేశ్ వరండాలోకి వచ్చేదాకా ఓపిక పట్టాడు. "గిన్ని రోజులు నన్ను పిచ్చోన్ని జేసిన్రు ఇద్దరు గలిసి. ఆ పెంకులెక్కడియి మరి?"

"బక్కమ్మవి," అంది మహిత. "నీకు చెప్పే ధైర్యం నాకు లేకుండె. ఆయనకు అబద్ధం చెప్పే ధైర్యం గూడ లేకుండె."

"పుండు మానకపోతే?"

"మానకపోతే నేనేమైతుంటినో నాకూ తెల్వదు."

ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో గుండయ్య, అతని కాలు ముందుకు చాచి. ములుగు రోడ్డు దాటాక గుండయ్యే నోరు విప్పాడు.

"రమేశా, దానిమీద కోపమెందుకు? నాకు చెప్పకుండ నా నోట్లె పెడ్త అనుకున్నవు నువ్వు. నేనున్నది కదలలేక గని, తెలివిలేక కాదు."

రమేశ్ బయటికి చూస్తూ, "భయమైంది బాపూ," అన్నాడు.

"నాకు గాలేదా? దీనికి గాలేదా?"

ఆటో కుదుపుకు మహిత భుజం ఇనుప కడ్డీకి ఒరుసుకుంది. ఆమె పర్సులోంచి ఫోన్ తీసింది. ఆఫీసు నంబరు వెతుక్కుంది. అటు ఎత్తినామె గుర్తుపట్టింది. పాత సీటు వేరేవాళ్ళకు ఇచ్చేశారట. మధ్యాహ్నం షిఫ్టులో ఒకటి ఖాళీ ఉంది, సోమవారం వచ్చి కలవమంది.

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ తనవైపు చూస్తున్నారని తెలిసింది.

"మరి సాయంత్రం వంట?" అన్నాడు రమేశ్.

"పప్పులు నేను నానవెడ్త," అన్నాడు గుండయ్య. "పొయ్యికాడ కుర్చీ ఏసుకుంట. వండుడు నువ్వు నేర్చుకో."

ఆటో కొత్తవాడ గల్లీలోకి తిరిగింది. ఇంటి ముందు దిగి రమేశ్ వాకర్ విప్పుతుంటే మహిత ముందుగా తాళం తీసింది. మంచం, మగ్గం, వాటి మధ్య లేని దారి. లోపలికి పోవడానికి ఎప్పటిలా చట్రం కింద వంగబోయి ఆగింది.

"ముందుగాల గీ మంచం జరుపు," అంది రమేశ్‌తో.

అతను చెప్పులు విడిచి వచ్చి మంచం పట్టె పట్టుకున్నాడు.