పెద్దల వాటా

తాగనంటే ఊరు ఊరుకోదు, తాగితే నాగక్క ఊరుకోదు. జైలు నుంచి వచ్చి నెల తిరిగిందో లేదో విత్తనాల పండుగ వచ్చిపడింది. జంపయ్య అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

మూడేళ్ల కిందట ఇదే పండుగనాడు, ఇప్పసారా మత్తులో మాటామాటా పెరిగి, భార్య నాగక్క తమ్ముడు శివ మీద గొడ్డలి ఎత్తాడు. శివ చేయి అడ్డం పెట్టబట్టి మెడ దక్కింది. రెండు వేళ్లు పోయాయి.

"ఒక్క చుక్క నోట్ల పడ్డదో, మా తమ్ముని ఇంట్లనే ఉంట. మల్ల నీ మొకం చూడ," అని నాగక్క పొద్దున్నే చెప్పేసింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. పోనీ పండుగకు పోకుండా ఉందామా అంటే, పూజారి చేతి ఇప్పసారా దొప్ప అందుకుని తాగినవాడికే విత్తనాలు పెడతారు. విత్తనాలు పెడితేనే ఊరు కలుపుకున్నట్టు.

జైలుకు వచ్చే కౌన్సెలింగ్ సారు చెప్పినవన్నీ జంపయ్యకు గుర్తే. చేతులకు పని పెట్టు, తాగాలన్న ఆశ పుడితే దాచుకోక పక్కనున్నవాళ్లకు చెప్పు. అందుకే వచ్చిన నాటి నుంచి వెదురు చీరి తట్టలు అల్లుతూనే ఉన్నాడు. ఇల్లంతా తట్టలే, నాగక్కకు కాలు పెట్టే చోటు లేదు. కానీ పాపం, ఆ సారుకు ఇప్పసారా వాసన తెలియదు.

వరుసలో కూర్చోగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్లూరాయి. ఇంత భయంలోనూ ఊరినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక్క దొప్పే కదా అని లోపల ఎవడో అంటున్నాడు. మూడేళ్ల కిందట అన్నదీ వాడే.

పూజారి తాత మోదుగాకు దొప్ప నిండా పోసి ఇచ్చాడు. తాగేముందు, చనిపోయిన పెద్దల పేరు చెప్పి నేల మీద నాలుగు చుక్కలు వదలడం ఆనవాయితీ. జంపయ్య వదిలాడు. దొప్ప పెదాల దాకా వచ్చింది. ఆడవాళ్ల మధ్య నుంచి నాగక్క లేచి నిలబడింది.

"తాతా, నాకు తాగాలనుంది," అన్నాడు జంపయ్య. "శానా ఉంది. గందుకే మొత్తం పెద్దలకే ఇస్తున్న."

దొప్ప బోర్లించాడు.

"ఏందిరా గిది?" పూజారి ముఖం చిట్లించాడు. "నువ్వు తాగకుంటే కలిసినట్టెట్ల?"

అప్పుడు శివ లేచాడు. జైలు నుంచి వచ్చాక ఒక్కసారీ పలకరించని మనిషి. శివ వచ్చి, మిగిలిన మూడు వేళ్లతో దొప్ప లాక్కున్నాడు. కుండలో ముంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"ఇది తాగు బావా," అన్నాడు. "తాతా, ఇగ విత్తనాలు పెట్టు. దెబ్బ తిన్నోణ్ణి నేనే అంటున్న."

జంపయ్య తాగాడు. సగం నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి.

పూజారి కాసేపు ఇద్దరినీ చూసి, విత్తనాలు దోసిట్లోకి తీసుకున్నాడు. "పట్టు. తట్ట ఏదిరా?"

ఇంటినిండా తట్టలున్న మనిషి ఒక్కటీ తేలేదు. విత్తనాలు దక్కుతాయని అనుకుంటే కదా! నాగక్క వచ్చి పక్కన నిలబడి కొంగు పట్టింది.