పీచ్ సీసాల వెనక దాచిన కార్బురేటర్

మా అత్తగారు యూడోరా ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది. వింటే విన్నట్టు, లేదంటే మన ఖర్మ. నేను పెడచెవిన పెట్టిన మాట ఆవిడ ఏప్రిల్‌లో చెప్పింది.

మామగారు పోయి మూడేళ్లయింది. అరవై తొమ్మిదిలో కొన్న ఆయన ఎర్ర కారు ఆవిడ షెడ్డులోనే ఉంది. మా ఒహాయోలో వేసవి ఆదివారాలు పావుమైలు దారి మీద కార్ల పందేలు జరుగుతాయి. అక్కడ ఆ కారు నడపడానికి అత్తగారు నాకు ఒక్క షరతు పెట్టింది.

"ఈ సీజన్ అయ్యేలోగా ఒక్క పందెం గెలువు అల్లుడూ. తాళం నీది. గెలవకపోతే డెల్బర్ట్‌కి ఇచ్చేస్తా."

డెల్బర్ట్ ఆవిడ అక్క కొడుకు. కారు చేతికొస్తే నీలం రంగు వేయిస్తానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. మామగారి కారుకి నీలం రంగు!

ఆ కారు ఇంజను మూడు వందల యాభై ఘనపుటంగుళాలది. దాని మీద మామగారు బిగించిన, గాలిలో పెట్రోలు కలిపి అందించే కార్బురేటర్ నిమిషానికి ఎనిమిది వందల యాభై ఘనపుటడుగుల గాలి మింగే రకం. ఏప్రిల్‌లో అత్తగారు కేకు డబ్బా మూత మీద పెన్సిలుతో లెక్క కట్టింది. మూడు వందల యాభైని నిమిషానికి ఆరు వేల చుట్లతో గుణించి, మూడు వేల నాలుగు వందల యాభై ఆరుతో భాగించింది.

"నిండా పీల్చినా ఆరు వందల ఎనిమిది అడుగులే. ఈ ముసలి ఇంజను అంత కూడా పీల్చలేదు. ఆరు వందలది చాలు అల్లుడూ."

నేను నవ్వేశాను. "గాలి ఎక్కువైతే బలం ఎక్కువ అత్తయ్యగారూ. మామగారికి ఆమాత్రం తెలీదా?"

ఆవిడ మూత తిప్పి కేకు మీద పెట్టేసింది. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

వేసవంతా ఓడాను. మా పందెం తీరు వేరు. దూరం ఎన్ని సెకన్లలో దాటుతామో ఎవరికి వాళ్లం ముందే అద్దం మీద తెల్ల బూటు పాలిష్‌తో రాసుకోవాలి. నెమ్మది కారు ఆ తేడా మేరకు ముందు బయల్దేరుతుంది. రాసుకున్నదానికంటే తొందరగా దాటినా ఓటమే. అంటే కావలసింది నిలకడ. అది నాకూ లేదు, నా కారుకీ లేదు.

సెప్టెంబరు మొదటి ఆదివారం, ఆఖరి పందేల రోజు. పొద్దున సాధనలో మూడు పరుగులు తీశాను: పద్నాలుగు పాయింట్ ఒకటి, పదమూడు పాయింట్ ఆరు, పద్నాలుగు పాయింట్ ఐదు. పచ్చ దీపం వెలగ్గానే కారు ఉక్కిరిబిక్కిరై దగ్గేది. అద్దం మీద ఏమని రాయను? పైగా చీటీల్లో మొదటి జోడీ డెల్బర్ట్‌తోనే పడింది.

"బావా, సీటు కవర్లు తెల్లవి వేయించనా, బూడిద రంగువా?" అని పళ్లికిలించాడు వాడు.

నా పొగరు అక్కడ దిగింది. మడత కుర్చీలో కూర్చున్న అత్తగారి దగ్గరికి వెళ్లాను.

"అత్తయ్యగారూ, ఏం చెయ్యమంటారు?"

ఆవిడ కుర్చీ పక్కనున్న తిండి పెట్టె వైపు చెయ్యి చూపింది. "ఆ ఐసు పెట్టె తెరువు."

"ఇప్పుడు తిండేమిటండీ!"

"తెరవమన్నానా!"

బంగాళదుంపల గిన్నె కింద, వంటింటి తుండుగుడ్డలో చుట్టిన పాత కార్బురేటర్ ఉంది. ఆరు వందలది.

నాలుగు నట్లు విప్పి పెద్దది దించాను, చిన్నది ఎక్కించాను. ఇంజను ఆన్ చేయగానే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, చెవి దగ్గరగా వంచి, స్క్రూడ్రైవరుతో రెండు మరలు కొద్దికొద్దిగా తిప్పింది.

"నోరు మరీ పెద్దదైతే గాలి నీరసంగా పోతుంది. పెట్రోలుని లాక్కోలేదు. అందుకే దగ్గు," అంది.

ఇంకో సాధన పరుగు తీస్తే పదమూడు పాయింట్ ఎనిమిది. అద్దం మీద 13.80 అని రాసేశాను. డెల్బర్ట్ 12.40 రాసుకున్నాడు.

పచ్చ దీపం నాకు ముందు వెలిగింది. కారు దగ్గలేదు. కదిలిన క్షణం నుంచీ ఒకే ఊపు. ఆనందం పట్టలేక నేనే అరిచాను. చివర్లో డెల్బర్ట్ దూసుకొచ్చి నాకంటే ముందు గీత దాటేశాడు. అప్పుడు బోర్డు వెలిగింది: నాది 13.82, వాడిది 12.36.

"ముందు దాటింది నేను పిన్నీ!" అని గోల పెట్టాడు డెల్బర్ట్.

"ఆ అంకె నీ అద్దం మీద రాసుకున్నది నువ్వే కదరా," అంది అత్తగారు.

తర్వాతి రౌండులో స్కూలు పిల్ల చేతిలో ఓడాననుకోండి, అది వేరే సంగతి; షరతు ఒక్క గెలుపే కదా.

సాయంత్రం సామాను సర్దుతూ అడిగాను. "ఇది మామగారికి ఎందుకివ్వలేదండీ?"

"ఆయనకీ ఒకసారి చెప్పా. నవ్వాడు, నీలాగే. విప్పి పారేసిన ఈ చిన్నదాన్ని తెచ్చి, వంటింట్లో పీచ్ పళ్లు నిలవ పెట్టే సీసాల వెనక పెట్టా. ఓడి వచ్చిన ఏదో ఒక రోజు అడక్కపోతాడా అనుకున్నా." కారు కప్పు మీద చెయ్యి వేసింది. "ముప్పై ఒక్క ఏళ్లు. అడిగుంటే పరిగెత్తుకెళ్లి తెచ్చేదాన్ని."

ఆవిడ తాళం నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఒక్క వేసవికే అడిగావు, నయం. ఆ పెద్దదాన్ని పారెయ్యకు అల్లుడూ, ఆయనది. సీసాల వెనక చోటు ఖాళీ అయిందిగా, అక్కడ పెడదాం."