ఒక్క గడప ఉన్న ఇల్లు

ఫోన్ వచ్చినప్పుడు నేను పప్పుకు పోపు పెడుతున్నాను. కోస్గిలో మా కిరాయి గదికి వేరే వంటిల్లు లేదు. తలుపు వెనక పొయ్యి, పొయ్యి పక్కన మంచం. శివకృష్ణ ఫోను చెవికి ఆనించుకుని "ఆఁ బాపూ, ఆఁ, అయిపోయిందా" అంటూ మంచం మీదే లేచి నిలబడ్డాడు. ఫ్యాను రెక్క తలకు తగలబోతే మళ్ళీ కూలబడ్డాడు.

"ఏమయింది?"

"తలుపులు ఎక్కినయంట. బండలకు పాలిష్ గూడ అయింది. శుక్రవారం మంచిగున్నదంట, పాలు పొంగియ్యొచ్చు."

పోపు మాడింది. ఆ మాడిన పప్పునే ఒకరి కంచంలోంచి ఒకరం లాక్కుని తిన్నాం. పెళ్ళయిన కొత్త కదా, నాకు ఏది చూసినా నవ్వొచ్చేది.

ఆ ఇల్లు మా అత్తగారి ఊళ్ళో, పాత ఇల్లు పడగొట్టిన జాగాలో కట్టింది. మామ పేరు పర్వతాలు, గొర్లు కాస్తాడు. శివ పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి కోస్గిలో ఇళ్ళకు ప్లాన్లు గీస్తాడు. ఎంతమందికో గీశాడుగానీ, వాస్తు పేరు చెప్పి ఒకరు, బావమరిది మాట విని ఒకరు సగం గీతలు మార్చేస్తారు. గీసింది గీసినట్టు లేచిన ఇల్లు ఇదొక్కటే. పెళ్ళికి ముందు నేను హుజూర్‌నగర్‌లో మా ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్ చేసి, "జర నిలబడి, నేల నుంచి నీ మోచెయ్యి ఎంతెత్తున్నదో కొలిచి చెప్తవా" అని అడిగాడు. వంటగట్టు నా ఎత్తుకు తగ్గట్టు కట్టించడానికట. మా అమ్మ కుట్టుమిషను టేపు పట్టుకుని గదిలో ఒక్కదాన్నే కొలుచుకుంటూ ఎంత మురిసిపోయానో నాకే తెలుసు.

"లోపల ఏడా గడపలు పెట్టియ్యలె," అన్నాడు పప్పు తింటూ. "బయటి తలుపుకొక్కటే. ఇంక ఇల్లంత ఒక్కతీరు నేల. అవ్వ కోసం."

అవ్వ అంటే వాళ్ళ నాయనమ్మ సుక్కమ్మ. ఆమెకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. దవాఖానలో ఇక రాదని చెప్పేశారు. పాత ఇంట్లో ప్రతి గడప దగ్గరా ఆమె కాలెత్తడం చూసి శివకు చిన్నప్పటి నుంచీ గుండె దడ, ఎక్కడ తట్టుకుని పడుతుందోనని. కాలేజీలో, కళ్ళు లేనివాళ్ళ దారిలో అడ్డాలుండకూడదని సారు చెప్పిన రోజే అనుకున్నాడట, నేను కట్టే ఇంట్లో అవ్వ కాలికి ఏదీ అడ్డం రాదని.

ఆమెను నేను మొదటిసారి చూసింది ఆ పాత ఇంట్లోనే. సంబంధం ఖాయమయ్యాక మావాళ్ళు ఇల్లు చూడటానికి వస్తుంటే నేనూ బయల్దేరాను. చీకటి చీకటిగా ఉన్న లోపలి అర్రలోంచి ఒక ముసలమ్మ నీళ్ళ చెంబుతో వచ్చింది. గడప దాటింది, పొట్టి దర్వాజా కింద తల వంచింది, నేలలో పాతిన రోలును చుట్టి వచ్చి చెంబు నా చేతికే ఇచ్చింది. చుక్క ఒలకలేదు. ఆమెకు కళ్ళు కనపడవని తిరుగు బస్సులో అమ్మ చెప్తే నేను నమ్మలేదు.

ఇల్లు పడగొట్టాక అత్త, మామ, అవ్వ పక్కింటివాళ్ళ పంచలో సర్దుకున్నారు. అవ్వ అక్కడ మంచం దిగలేదు. ఎవరు పలకరించినా ఒకటే మాట. "నా ఇల్లు లేవనియ్యి బిడ్డా, మల్ల నా కాళ్ళు నాకొస్తయి."

శుక్రవారం వచ్చింది. పాలు తూర్పుకు పొంగాయి. నేను ప్రతి స్విచ్చూ వేసి ఆర్పాను. మా గది తలుపుకు లోపల గొళ్ళెం ఉంది, దాన్ని ఊరికే రెండుసార్లు వేసి తీశాను. వంటగట్టు దగ్గర నిలబడితే మోచెయ్యి సరిగ్గా అక్కడికే వచ్చింది. హాలుకూ వంటింటికీ మధ్య గోడ లేదు. మామ గొంతు సవరించుకుంటే ఇల్లంతా సవరించుకున్నట్టు వినిపించింది.

అవ్వను శివే చెయ్యి పట్టి తెచ్చాడు. బయటి గడపకు పసుపు రాసి బొట్లు పెట్టి ఉంది. అవ్వ వంగి దాన్ని తడిమి, చేతులు కళ్ళకద్దుకుని, కుడికాలు లోపల పెట్టింది. తర్వాత శివ చెయ్యి విడిపించుకుంది.

"నువ్వు ఇడువు. నా ఇంట్ల నాకు తెల్వదా?"

గబగబా నడిచింది. నడుస్తూ నడుస్తూ మెల్లబడింది. కుడికాలు ఎత్తి గాల్లో ఆపి, వేళ్ళతో దేన్నో వెతికింది. ఏమీ తగల్లేదు. ఇంకో అడుగు వేసి మళ్ళీ కాలెత్తింది. చుట్టాలు నవ్వారు, నేనూ నవ్వాను. ఒకామె "ముసలమ్మ ఆటాడుతున్నది" అంది.

"ఏం దేవులాడుతున్నవ్ అత్తా?" అని మా అత్త పుష్ప అడిగింది.

"అర్రకు పోతున్న. గడప రాకపాయె."

అప్పటికే ఆమె హాలు దాటి, మా గదిలోకి వచ్చేసి, కిటికీ ఊచలకు నుదురు ఆనించి నిలబడి ఉంది.

కొత్త కదా, అలవాటవుతుందన్నారు అందరూ. మేమూ కోస్గి గది ఖాళీ చేసి వచ్చేశాం. నేను ఆ ఇంట్లో ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పాలంటే మొహమాటం. పొద్దున కిటికీ వెలుగు గోడ మీద పాకి, మా పెళ్ళి ఫొటో దాకా వస్తే లేచేదాన్ని. నున్నటి బండల మీద ఉత్త కాళ్ళతో జారుకుంటూ నడిచేదాన్ని. అదే బండల మీద అవ్వ చేతులు ముందుకు చాపి, పాదం జరుపుతూ జరుపుతూ నడిచేది. పాత పొట్టి దర్వాజా అలవాటుకు, తలుపే లేని చోట తల వంచేది. ఒక తెల్లవారుజామున మా గదిలోకి వచ్చి మా మంచం మీద కూర్చుంది. దుప్పటి కింద మేమిద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చాం.

"ఎవరు వాళ్ళు?" అంది అవ్వ.

"మేమే అవ్వా."

"నా మంచం మీద మీకేం పని?"

ఆ రాత్రి గొళ్ళెం వేశాను. పొద్దున తలుపు అవతల అరచేతుల చప్పుడు వినిపించింది. కొట్టడం కాదు, తడమడం. తలుపు తీసేసరికి అవ్వ వెనక్కి తూలింది. "నిన్న ఈడ గోడ లేకుండె కద," అంది నెమ్మదిగా. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

శివ ఊరుకోలేదు. చెక్కపట్టీలు తెచ్చి ప్రతి తలుపు కిందా మేకులతో బిగించాడు. అవ్వ మొదటి పట్టీకి కాలు తగలగానే మొహం వెలిగింది. దాటింది. తర్వాత అక్కడే నిలబడిపోయింది.

"గిది ఏ గడప రా?"

"బాత్రూందవ్వా."

"మరి అర్రది?"

"అది గూడ గిట్లనే ఉంటది."

"అన్ని ఒక్కతీర్గ ఉంటె నాకెట్ల ఎరుక?"

పాత గడపల్లో ఒకటి మధ్యలో అరిగి గుంట పడి ఉండేదట, ఒకటి రాయిదట, ఇంకోదానికి గొర్రెపోతు కొమ్ముతో పొడిచిన సొట్ట ఉండేదట. ఇవన్నీ ఆమెకు కూడా పాదానికి తగిలితేనే తెలిసేవి, ఏది ఎక్కడిదో నోటితో చెప్పమంటే చెప్పలేకపోయింది. ఆ సాయంత్రమే అత్త అన్నం గిన్నెతో పట్టీకి తట్టుకుని మోకాలు వాచేలా పడింది. పట్టీలు ఊడబెరికారు. మేకుల చిల్లులు మాత్రం మిగిలాయి.

మంచం నుంచి బాత్రూం దాకా తాడు కట్టాడు.

"నేను మేకనా, తాడు కట్టనీకె?" అంది అవ్వ. మామ నవ్వబోయి, కొడుకు మొహం చూసి మానేశాడు.

హాల్లో రేడియో పెట్టి, చప్పుడును బట్టి రమ్మన్నాడు. అడ్డుగోడ లేని హాల్లో పాట అన్ని వైపుల నుంచీ వచ్చింది. అవ్వ గుండ్రంగా తిరిగి తిరిగి కూర్చుండిపోయింది.

కొన్నాళ్ళకు నేనొకటి గమనించాను. నేను ఇచ్చిన చాయ్ గ్లాసు అలాగే ఉంటోంది. చెంబులో నీళ్ళు తగ్గడం లేదు.

"దూప కాలే బిడ్డా," అంటుంది.

ఎండలకు అందరం బిందెలు ఖాళీ చేస్తుంటే ఈమెకెందుకు దాహం కావడం లేదో నాకు తట్టడానికి టైం పట్టింది. నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలి. అత్తతో చెప్తే అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శివతో చెప్తే, అతను ప్లాను కాగితం పరుచుకుని పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఒక్క గీతా గీయలేదు.

"ఏ గోడ పగలగొట్టమన్న పగలగొడత హరితా. ఏడ కట్టాల్నో తెల్వాలె కద. ఆ ఇంటిని ఎవరూ గియ్యలే. ఆమె తిరిగిందే ఇల్లాయె."

అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అతని వెనక నా వంటగట్టు, నా మోచేతి ఎత్తున, మెరుస్తూ ఉంది. దాన్ని తిట్టుకుందామన్నా నాకు మనసు రాలేదు.

చివరికి అవ్వ తనకు తెలిసిన చోటొకటి వెతుక్కుంది. బయటి గడప. రోజంతా దాని మీదే కూర్చునేది. ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వాకిట్లో. ఇది లోపల, ఇది బయట అని ఆ ఇల్లు ఆమెకు చెప్పేది అక్కడ మాత్రమే. అత్తకు అది ముల్లులా గుచ్చుకుంది.

"గడప మీద కూసోవద్దత్తా. దీపాలు పెట్టే యాళ్ళ. లచ్చిమి ఎట్లొస్తది?"

"జరుగుత. వచ్చినంక చెప్పు."

"ఇంట్ల కుర్చీ ఉన్నది, మంచమున్నది."

"ఉన్నయి. అవి ఏడున్నయో వాటికే ఎరుక."

వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. కొత్త ఇంట్లో ముసలమ్మను లోపలికి రానివ్వడం లేదా అని ఒకామె అత్తనే అడిగింది. అత్త ఏడ్చింది. ఆ పొద్దుగూకే వేళ మామ గొర్లు తోలి అన్నానికి వచ్చాడు. ఎండిపోయిన పెదాలతో గడప మీద కూర్చున్న తల్లిని చూసి, చెప్పులు విడవకుండా ఆమె ముందు కూలబడ్డాడు.

"పర్వతాలూ, నువ్వు రాత్రి పూట ఏడ పంటున్నవ్ రా?"

"ఏడ అవ్వా, ఊరవతల చెలకల. మంద కాడ."

"గుడిసె ఉన్నదా?"

"ఉన్నది. నలుగురు పట్టరు. వంగి దూరాలె."

"మంద ఏ పక్క?"

"గుడిసె ముంగట్నే. కంచె ఆనుకొనే."

అవ్వ తల ఊపింది. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క చూసుకుంది. "ఇటు గొర్ల వాసన. ఇటు గుడిసె. కాలి కింద మట్టి. సాలు," అంది.

"నీకేమన్న పిచ్చా అత్తా," అంది పుష్పత్త. "ఇంత ఇల్లు కట్టి ముసల్దాన్ని చెలకల పారేసిన్రనరా జనం?"

"అననీ. జనమొచ్చి నన్ను బాత్రూంకు తోల్కపోతరా?"

శివ ఆమె పాదాల దగ్గర కూర్చుని ఉన్నాడు. "అవ్వా, ఇంకొన్ని దినాలు చూడు. నేను మారుస్త. ఏదో ఒకటి చేస్త."

అవ్వ చేత్తో అతని తల వెతికి పట్టుకుంది. "మంచిగనే కట్టినవ్ రా. నేను ముట్టిన కద, ఎంత నున్నగున్నదో. నా కాళ్ళకే పట్టుబడుతలే."

ఎవరమూ వద్దు అనలేకపోయాం. అక్కడ పాములుంటాయని మామకు తెలుసు. వాన పడితే ఆ గుడిసె కురుస్తుందని శివకు తెలుసు. ఇక్కడైతే ఏమవుతుందో నాకూ అత్తకూ తెలుసు. నేను లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, ఇంకొకటి తాగబోయి ఆపి, చెంబు తిరిగి ఇచ్చేసింది.

"రేపు పొద్దుగాల, గొర్లను ఇడవకముందే పోవాలె," అంది మామతో. తర్వాత నా గొంతు వినిపించిన వైపు మొహం తిప్పింది. "సద్దన్నం మూట కట్టు బిడ్డా. నా చెంబు, గొంగడి ఒక్క కాడ పెట్టు. శివిగాడు బండి మీద దించి వస్తడు."