గంప కొలత

రాజమండ్రి స్టేషన్‌లో దిగగానే బంగార్రాజు చేసిన మొదటి పని, వెనక్కి వెళ్ళే రైలు ఎప్పుడుందో కనుక్కోవడం.

కౌంటరులోని గుమాస్తా ఆయన నలిగిన చొక్కానీ చేతిసంచినీ చూసి, "ఇప్పుడే దిగినట్టున్నారు కదండీ," అన్నాడు.

"దిగానండి. ఊరికే తెలుసుకుందామని."

"సాయంత్రం ఏడింటికి ఉందండి. ఈలోపల వచ్చిన పని చూసుకోండి." ఆ చివరి మాట గుమాస్తా మామూలుగానే అన్నాడు. బంగార్రాజుకి మాత్రం ఎవరో వీపు మీద చెయ్యి వేసి ముందుకు నడిపించినట్టనిపించింది. వెళ్ళి మండపేట బస్సెక్కాడు.

ముప్ఫై ఏళ్ళ కిందట తుంగభద్ర కాలువ కింద భూములు చవకగా వస్తున్నాయని గోదావరి జిల్లాల నుంచి వెళ్ళి, సింధనూరు దగ్గర స్థిరపడిన రైతుల్లో బంగార్రాజు ఒకడు. అక్కడ అలాంటి ఊళ్ళని క్యాంపులంటారు. పేరుకి క్యాంపే గాని పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ అక్కడే. భార్య మాణిక్యాంబది మండపేట. ఆమె బతికున్న రోజుల్లో చాలాకాలం రెండేళ్ళకోసారైనా పుట్టింటికి వచ్చేవాళ్ళు. టిక్కెట్లు ఆమె దగ్గరే, కబుర్లు ఆమెవే. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే సరిపోయేది. ద్వారపూడి రాగానే ఆమె చెప్పులు వేసుకునేది. ఇంకా అరగంట ఉంది కదే అంటే, "కాళ్ళు ముందే వెళ్ళిపోతున్నాయండి," అనేది.

ఇప్పుడు బస్సు ద్వారపూడి దాటింది. బంగార్రాజు కిందికి చూసుకుంటే కాళ్ళకి చెప్పులున్నాయి. ఎప్పుడు వేసుకున్నాడో తెలియదు.

కాలువ గట్టు వెంట రెండో పంట దాళ్వా వరి పసుపెక్కుతోంది. ఆయన చొక్కా జేబులో కుంకుమ భరిణె ఉంది. సంచిలో హేమశ్రీ పెళ్ళి శుభలేఖలు. ఈ ప్రయాణాన్ని ఆయన మూడు వారాలు వాయిదా వేశాడు. మొదటి వారం మోటారు చెడిందన్నాడు, రెండో వారం ఎరువుల లారీ రావాలన్నాడు. మూడో వారం కూతురే సంచి సర్ది గుమ్మంలో పెట్టింది.

"మావయ్య రాకపోతే నేను గంపలో కూర్చోను నాన్నా. పందిట్లోకి నడిచే వస్తాను. పీటల దాకా ఎంత దూరమని?"

నవ్వుతూనే అంది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకురావలసింది మేనమామ. ఉన్న ఒక్క మేనమామ వీరాస్వామి. ఆయనతో మాటల్లేక రెండేళ్ళయింది.

మాటలు పోవడానికి మొదలు చాలా చిన్నది. ఏడేళ్ళ కిందట క్యాంపులో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, అంత దూరం ఏం వెళతాంలే అని మాణిక్యాంబ గృహప్రవేశానికి పుట్టింటివారికి కార్డు ముక్క రాసి ఊరుకుంది. "కార్డు రాస్తే వెళ్ళిపోవడమేనా, బొట్టు పెట్టి పిలవని పేరంటానికి?" అందిట వీరాస్వామి భార్య, వదిన మహాలక్ష్మమ్మ. వాళ్ళు రాలేదు. మాణిక్యాంబా మళ్ళీ అటు వెళ్ళలేదు. తర్వాత, రెండేళ్ళ కిందట, ఆమెకి జబ్బు చేసింది. పోయాక గాని వీరాస్వామికి టెలిగ్రాం వెళ్ళలేదు. మూడో నాటికి వచ్చాడు. అప్పటికి అన్నీ అయిపోయాయి. ఒక పూట గోడకానుకుని కూర్చుని, చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పకూడదు, ఆనవాయితీ అది. కాని ఆయన ఆనవాయితీ కోసమే చెప్పకుండా వెళ్ళాడో, ఇంకెప్పుడూ రానని వెళ్ళాడో బంగార్రాజుకి ఈనాటికీ తెలియదు.

మండపేటలో దిగి, రైసు మిల్లు వెనక వీధిలోకి నడిచాడు. ఉడికిన వడ్ల వాసన అలాగే ఉంది. ధాన్యం లారీ ఒకటి దారికి అడ్డంగా ఉంటే డ్రైవరు ముందుకు జరిపి, "రండి బాబాయిగారూ," అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాడు. రమ్మన్నందుకు బంగార్రాజుకి ప్రాణం కొంచెం కుదుటపడింది.

గుమ్మంలో మహాలక్ష్మమ్మ మినుములు చెరుగుతోంది. తలెత్తి చూసి, చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"కాళ్ళు కడుక్కోండి అన్నయ్యగారూ. ఒక్కరే వచ్చారా?" అనేసి, ఆ ప్రశ్న ఎటు పోయిందో తెలిసి తల దించుకుంది.

"ఒక్కణ్ణేనమ్మా."

"ఆయన పొలం వెళ్ళారు. భోజనాల వేళకి వస్తారు. మంచినీళ్ళు తాగండి."

మంచినీళ్ళు తాగాడు. శుభలేఖ తీసి, దాని మీద భరిణె పెట్టి, బల్ల మీద ఉంచాడు. బొట్టు పెట్టి పిలవడానికే ఇంత దూరం వచ్చాడు. పెట్టడానికి ఆడమనిషి కావాలన్న సంగతి తెలియక కాదు. క్యాంపులో ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. రెండు రాత్రుల ప్రయాణానికి ఎవరొస్తారు? భరిణె తెస్తే చాలులే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ ఇంటి ఇల్లాలి ఎదురుగా, మూత తియ్యడానికి కూడా తనకి హక్కు లేనట్టు నిలబడ్డాడు.

"హేమ పెళ్ళి. వచ్చే నెల పదిహేనో తారీఖు. నేను పిలవాల్సిన పద్ధతి ఇది కాదమ్మా. తెలుసు. పద్ధతి తెలిసిన మనిషి లేదు."

మహాలక్ష్మమ్మ భరిణెని చేతిలోకి తీసుకుంది. వెండిది, మూత మీద సొట్ట. ఆ సొట్ట ఆమెకి తెలుసు. తను కాపరానికి వచ్చిన కొత్తలో ఆడపడుచు చేతిలోంచి లాక్కోబోతే నూతిచప్టా మీద పడింది. చాలాసేపు దాన్నే చూసి, పెరటి గోడ దగ్గరికి వెళ్ళింది.

"లోవమ్మా, చేతిలో పని ఆపి ఓసారి ఇలా రావే."

"పులుసు పొయ్యి మీదుందండి," అంది గోడ అవతల గొంతు.

"ఉండనీ. మా ఆడపడుచు తరఫున నాకు బొట్టు పెట్టాలి నువ్వు."

కాసేపటికి లోవమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మిల్లు మెకానిక్కు భార్య. విషయం విని, బంగార్రాజుని ఎగాదిగా చూసి, "మగాళ్ళని ఒంటరిగా పంపితే ఇంతేనండి, గిన్నె తెస్తారు, గరిటె మర్చిపోతారు," అంటూ మూత తీసింది. మహాలక్ష్మమ్మ పీట మీద తూర్పు మొహంగా కూర్చుంది.

"ఏమని పిలవమంటారండీ?"

"మాణిక్యాంబగారి కూతురి పెళ్ళి, మీరు దంపతులూ ముందుగా వచ్చి నడిపించాలి, అని చెప్పమ్మా," అన్నాడు బంగార్రాజు. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినబడింది.

లోవమ్మ అలాగే పిలిచింది. మహాలక్ష్మమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నన్ను పిలిచారు, నేను వస్తాను అన్నయ్యగారూ. ఆయన సంగతి మాత్రం ఆయన్నే అడగండి. నాకు తెలియదు," అంది.

పన్నెండు దాటాక వీరాస్వామి మోపెడ్ మీద వచ్చాడు. బాగా నెరిశాడు. "ఎప్పుడొచ్చారు బావగారూ?" అన్నాడు. ఎవరినైనా అలాగే అడుగుతారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మామిడికాయ పప్పుతో భోంచేశారు. అక్కడ వరి ఎకరానికి ఎన్ని బస్తాలవుతుందని ఒకసారి, కాలువ నీళ్ళు ఆఖరి దాకా వస్తున్నాయా అని ఒకసారి అడిగాడు వీరాస్వామి. పెళ్ళి మాట ఎత్తలేదు.

చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక బంగార్రాజే మొదలుపెట్టాడు.

"పిలుపుకి ముందు ఒక మాట చెప్పాలి బావగారూ. ఆవిడ పోయినప్పుడు మీరు వచ్చిన రోజు పది రోజుల జ్వరమని చెప్పాను. అది అబద్ధం. ఐదు నెలలు మంచం మీద ఉంది."

వీరాస్వామి భుజమ్మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఐదు నెలలు," అన్నాడు.

"చెప్పొద్దంది. గృహప్రవేశానికి రానివాళ్ళు జాలిపడి వస్తే నాకొద్దు, లేచి తిరిగాక నేనే వెళతానంది. లేవదని డాక్టరు నాతో చెప్పాడు. నేనైనా రాయాల్సింది. రెండుసార్లు పోస్టాఫీసు దాకా వెళ్ళి కూడా తిరిగొచ్చాను. ఆవిడ మాట దాటడం అలవాటు లేదు నాకు. అది తప్పే."

వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది. వీరాస్వామి ఆ బండి వంకే చూశాడు.

"ఐదు నెలల్లో నేను ఎన్నిసార్లు వచ్చేవాణ్ణండీ," అన్నాడు చివరికి. కోపంగా కాదు, లెక్క కుదరనట్టుగా. లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మోపెడ్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు.

బంగార్రాజు అరుగు మీదే ఉండిపోయాడు. ఎండ మెట్ల మీదికి వచ్చింది, దిగిపోయింది. మహాలక్ష్మమ్మ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. మూడోసారి ఏమీ తేకుండా వచ్చి, గుమ్మానికి ఆనుకుని ఊరికే నిలబడింది. మాట్లాడకుండా ఒక మనిషి దగ్గర నిలబడటం కూడా పెట్టుపోతలాంటిదేనని ఆయనకి తోచింది. నాలుగింటికి లేచి, మహాలక్ష్మమ్మ మూత పెట్టి ఇచ్చిన భరిణె జేబులో వేసుకుని, సంచి తీసుకున్నాడు.

"ఉండండి అన్నయ్యగారూ, ఈ రాత్రికి."

"ఏడింటి రైలుందమ్మా."

ఈసారి వెళ్ళొస్తానని చెప్పవచ్చు. చెప్పాడు. ఆమె తల ఊపింది గాని, చెప్పవలసిన మనిషి ఇంట్లో లేడు.

రాజమండ్రి బస్సు స్టాండులో సగం నిండి ఉంది. కిటికీ పక్కన కూర్చుని, హేమకి ఏమని చెప్పాలో కూడబలుక్కున్నాడు. అత్తయ్య వస్తానంది. అంతవరకు నిజమే. గంప పట్టడానికి క్యాంపులో వరసకి మేనమామలయ్యేవాళ్ళు ఎవరున్నారా అని ఆలోచించాడు. ఒక్క పేరూ తట్టలేదు. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు.

కిటికీ రేకు మీద ఎవరో తట్టారు. వీరాస్వామి. మోపెడ్‌కి స్టాండు కూడా వెయ్యలేదు, ఒక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. చొక్కా చెమటకి తడిసి ఉంది.

"గంప అక్కడ కొనకండి బావగారూ. అక్కడివాటికి అడుగు నిలవదు. ఇక్కడ మేదర వీరమ్మ ఉంది, అల్లమని చెప్పొచ్చాను. రైల్లో నాతో తెస్తాను."

బంగార్రాజు కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"కొలత అడిగిందండి వీరమ్మ. పిల్ల ఎంత ఉంటుంది, ఎత్తెంత, లావెంత అని. నాకు తెలియదు. నీకు మేనకోడలేనా అసలు, అని నవ్వింది." వీరాస్వామి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఆనాడు వచ్చినప్పుడు తలెత్తి చూడనే లేదు. సరిగా చూసి ఏడేళ్ళు దాటిందాయె. ఎంత ఉంటుంది?"

బంగార్రాజు చెయ్యెత్తి గాలిలో ఎత్తు చూపించబోయాడు. చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ దానంతట అదే ఆగింది. ముప్ఫై ఏళ్ళు తన పక్కన నడిచిన ఎత్తు.

"వాళ్ళమ్మ అంతే ఉంటుందండి," అన్నాడు.

వీరాస్వామి ఆ చేతి వంక చూశాడు.

"అయితే నాకు తెలుసు," అన్నాడు.

బస్సు కదిలింది. ఆయన మోపెడ్‌తో పాటే నాలుగడుగులు నడిచాడు.

"వెళ్ళొస్తానండి," అన్నాడు బంగార్రాజు, కొంచెం గట్టిగానే.

"వెళ్ళిరండి బావగారూ. వెళ్ళగానే ఫోన్ చేయించండి."

కాలువ పక్కనుంచి బస్సు వెళుతోంది. పక్క సీటు ఖాళీగానే ఉంది. ఈ కబురు చెప్పవలసిన మనిషి అందులో కూర్చుని ఉండేది. బంగార్రాజు జేబులోని భరిణె తీసి, మూత బిగుతుగానే ఉందో లేదో చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి కాళ్ళు సీటు కిందికి జరుపుకున్నాడు.