బట్టలారేసే బయలు

ఇరవై ఏళ్ళ తర్వాత ఊరు ఎలా ఉంటుందో చూపించే పటాన్ని ప్లానింగ్ ఆఫీసులో గోడంత తెర మీద వేశారు. ఎరుపు ఉన్నచోట మేడలు లేస్తాయి. కొలతల మనిషి అందులో తన అక్క బట్టలారేసే బయలును వెతుక్కున్నాడు. ఎర్రగా కనిపించింది.

ఆ ఎరుపు అతని చలవే. ఏ జాగాను దేనికి వాడుతున్నారో వీధివీధీ తిరిగి చూసి ఫోన్‌లో నొక్కడం అతని పని. ఆ గుర్తులను బట్టే కంప్యూటర్ రేపటి ఊరిని ఊహిస్తుంది. అక్క బయలు దగ్గరికి వచ్చేసరికి, సొంతవాళ్ళ జాగా కాపాడుకున్నాడని ఆఫీసులో అనుకుంటారేమోనని జంకాడు. దండేల మీద దుప్పట్లు రెపరెపలాడుతుండగానే ‘ఖాళీ’ అని నొక్కేశాడు. పైగా ఆ రోజంతా తన నిజాయితీకి తానే మురిసిపోయాడు.

ఇప్పుడు ఆ ఒక్కటీ మార్చమని ఆ కంప్యూటర్ పని చూసే ఇంజనీరమ్మను బతిమాలాడు.

"ఒక్కటెక్కడ బాబాయ్? మీ గుర్తు చూసి అలాంటివన్నీ ఖాళీలే అనుకుంది కంప్యూటర్. ఊళ్ళో బట్టలారేసే చోట్లన్నీ ఎర్రబడ్డాయి."

దానికి మళ్ళీ నేర్పాలంటే రేపు ఊరి పెద్దల సభలో పటం చూపకుండా ఆపాలనీ, ఎందుకు ఆపారో వాళ్ళకు చెప్పాలనీ అంది. ఎవరు చెప్పాలో మాత్రం అనలేదు.

సాయంత్రం బయలుకి వెళ్ళాడు. తమ్ముడు ఆఫీసులో ఉండగా తమకేం ఢోకా లేదని అక్క పక్కవాళ్ళతో గొప్పలు పోతోంది. తమ్ముణ్ణి చూసి తడి దుప్పటి రెండో కొస చేతికిచ్చింది. ఇద్దరూ మెలిపెట్టి పిండసాగారు.

"అక్కా, ఇది ఖాళీ అని పెట్టింది నేనే."

ఆమె మెలి ఆపలేదు. నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి.

"కళ్ళు కనబడకా?"

"కనబడే పెట్టాను. నలుగురూ ఏమంటారోనని."

"నలుగురి మురికీ ఉతికేదాన్ని నేను. నలుగురి నోటికి భయం నీకా?"

మిగిలిన దుప్పట్లన్నీ ఇద్దరూ పిండి ఆరేశారు. అతను వెళ్ళబోతుంటే చొక్కా విప్పమంది.

"రేపు సభలో నిలబడేవాడివి. ఈ మాసిన చొక్కాతోనా?"

నిలబడతానని అతను అననేలేదు. అయినా విప్పి ఇచ్చాడు. అది దండెం మీద ఊగుతున్నంతసేపూ బనీనుతో తలొంచుకుని కూర్చున్నాడు.

మర్నాడు సభలో పటం వెలగకముందే అతను లేచి నిలబడ్డాడు. చొక్కా కాలరు ఇంకా కాస్త తడిగానే ఉంది.