తల్లి మొక్క మీద పొక్కులు

పరిశోధన కేంద్రంలో ఆమెను చిన్నాపెద్దా అందరూ గోధుమక్క అనేవారు. తుప్పు తెగులుకు లొంగని గోధుమ వంగడాన్ని పుట్టించింది ఆమే. ఆ బలమంతా ఒక అడవి గడ్డి నుంచి తెచ్చిన ఒకే ఒక్క జన్యువుది. ఆ విత్తనమే ఈ ఏడు ఆమె తమ్ముడు పొలమంతా వేశాడు.

ఆ ఉదయం మొక్కలు పెంచే గాజు గది తలుపు తీయగానే గోధుమక్క గడప మీదే ఆగిపోయింది. ఆ వంగడాన్ని మామూలు గోధుమతో సంకరం చేసి, వాటి మనవల తరం మొక్కల మీద ఈ ఏడు పొలాల్లో కొత్తగా సేకరించిన తెగులు పొడి చల్లి ఉంచింది. లెక్క ప్రకారం నాలుగింట మూడు మొక్కలు పచ్చగా నిలబడాలి. ఒక్కటీ నిలబడలేదు. ట్రేలన్నీ నారింజ రంగు పొక్కులే.

"ట్రేలు తారుమారయ్యాయేమో మేడం," అంది సహాయకురాలు, తనకే నమ్మకం లేని గొంతుతో.

గోధుమక్క మూలనున్న ఆ వంగడం తల్లి మొక్క దగ్గరికి వెళ్ళి ఆకు తిప్పింది. అడుగున పొక్కులు. వేలితో రాస్తే పొడి అంటుకుంది.

"తెగులే మారిపోయింది, ఆ జన్యువు దీన్ని ఆపలేదు. తల్లే పడిపోయింది. ఇక పిల్లలకేం వస్తుంది?"

చేతులు మండేదాకా కడుక్కుని, బయటికొచ్చి తమ్ముడికి ఫోను చేసింది.

"అక్కా! నీ గోధుమ భలే ఏపుగా ఉంది. కాస్త ఆ పొడుగు నీకూ వచ్చుంటే బాగుండేది!"

ఆమెకు నవ్వు రాలేదు. "పల్లంలోకి దిగి కింది ఆకులు చూడు."

"దీనికి తెగులేంటక్కా? నువ్వే కదా..."

"చూడరా!"

ఫోనులో ఆకులు రాసుకుంటున్న చప్పుడు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"అక్కా, ప్యాంటంతా నారింజ రంగు పొడి అంటుకుంది."

ఆ రోజే తమ్ముడు మందు కొట్టాడు. ఆ రోజే గోధుమక్క పైఅధికారి కాళ్ళావేళ్ళా పడి, విత్తనం తీసుకున్న రైతులందరికీ కబురు పంపించింది. మెరక చేను దక్కింది. పల్లంలో గింజ తాలైపోయింది. తమ్ముడు పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

తర్వాత ఆమె ఒక పాత రకంతో సంకరం మొదలుపెట్టింది. దానికి తెగులు రాకపోదు, వచ్చినా మెల్లగా పాకుతుంది. ఆ ఓర్పు ఒక్క జన్యువుది కాదు, చిన్నచిన్నవి ఎన్నో కూడితే వచ్చేది. అందుకే అది పిల్లల్లో ఏ కొన్నిటికో తప్ప పూర్తిగా అబ్బలేదు. ఆ కొన్నిటిని చూసి సహాయకురాలు ఎగిరి గంతేసింది. గోధుమక్క మాత్రం తమ్ముడికి ఫోను చేసింది.

"ఈ విత్తనం వచ్చాక కూడా పొలమంతా ఇదొక్కటే వేయకు."

"ఇదీ చేతులెత్తేస్తుందంటావా?"

"తెలీదురా. భయంగానే ఉంది."